చెరువు కట్ట మీద నా పక్కన నడిచిన అన్నకు కృతజ్ఞతలు

గత శనివారం తెల్లవారుజామున, 21 కిలోమీటర్ల పరుగు సాధన కోసం అనంతపురం నుంచి బయలుదేరి, బుక్కరాయసముద్రం చెరువు కట్ట మీద పిక్క పట్టేసి కూలబడిన నాకు, ఉప్పు కలిపిన మజ్జిగ తాగించి, మడమ పట్టుకుని పాదాన్ని మెల్లగా పైకి వంచి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన గొర్రెల కాపరి అన్నకు హృదయపూర్వక కృతజ్ఞతలు. చెమటతో పోయిన ఉప్పును వట్టి నీళ్లు తిరిగి ఇవ్వలేవని ఆయనకు తెలుసు. నా వీపు మీది సంచిని తాను తగిలించుకుని, కట్ట చివరిదాకా నా అడుగుకు అడుగు కలిపి నడిచారు. ప్రతి భారాన్నీ విడిచి ఓపికతో పరుగెత్తమనే బైబిల్లోని హెబ్రీ పత్రిక (లేఖ) 12వ అధ్యాయాన్ని ఇన్నేళ్లూ వేగం గురించిన మాటగానే చదువుకున్న నాకు, ఆ భారం దింపడానికి పక్కవారి చెయ్యి కూడా దేవుడే పంపుతాడని అక్కడే అర్థమైంది. అన్నా, ఇది మీ చెవిన పడితే, మీ మజ్జిగ సీసా నా దగ్గరే ఉంది. ఈ ఆదివారం ఆరాధన ముగియగానే కట్ట దగ్గరికి తెస్తాను.