ధర్నాలు వద్దంటే ఎన్నికలు పెట్టండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మా అమ్మాయి నగరంలోని ఒక యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. పోయిన వేసవిలో వాళ్ల హాస్టల్లో నాలుగు రోజులు నీళ్లు రాలేదు. వార్డెన్‌కి చెబితే చీఫ్ వార్డెన్ దగ్గరికి వెళ్లమన్నారు. అక్కడికెళ్తే ఇంజినీరింగ్ సెక్షన్‌కి కాగితం పెట్టామన్నారు. అయిదో రోజు పొద్దున్నే ఆడపిల్లలంతా ఖాళీ బకెట్లు పట్టుకుని గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నారు. ముప్పావుగంటలో రెండు ట్యాంకర్లు వచ్చాయి. మర్నాడు ఆరుగురికి సంజాయిషీ నోటీసులు వచ్చాయి. ఆ ఆరుగురిలో మా అమ్మాయి ఒకతి. ధర్నాల్లో పాల్గొనను అంటూ అడ్మిషన్ రోజు ఇచ్చిన హామీపత్రం జిరాక్స్ కూడా నోటీసుకు పిన్ చేశారు. కింద తండ్రి సంతకం నాదే. ఫీజు కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి, చదవకుండా పెట్టిన సంతకం.

రోడ్డెక్కకూడదు, సరే. మరి పిల్లలు ఎవరితో చెప్పుకోవాలి? వాళ్ల తరఫున అధికారుల ముందు కూర్చుని మాట్లాడేది ఎవరు?

2025 మార్చిలో ఉస్మానియా యూనివర్సిటీ కూడా విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు, నినాదాలు నిషేధిస్తూ సర్క్యులర్ ఇచ్చింది. క్లాసు జరుగుతుంటే తలుపు దగ్గర నినాదాలు చేయడం నాకూ నచ్చదు. కానీ 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థుల్ని బయటికి పంపిందీ ఈ యూనివర్సిటీయే. వాళ్లలో ఒకరైన పి.వి. నరసింహారావు నాగపూర్ వెళ్లి చదువుకుని, తర్వాత దేశానికి ప్రధాని అయ్యారు. 1969లోనూ, 2009లోనూ తెలంగాణ మాట గట్టిగా వినిపించింది ఆర్ట్స్ కాలేజీ ముందే. ఆ ఉద్యమాల ఫలితం అనుభవిస్తున్న మనం పిల్లల్ని నోరు మూసుకోమనడం నాకు మింగుడుపడటం లేదు.

18 ఏళ్లకే ఓటు హక్కు ఇస్తూ రాజ్యాంగాన్ని సవరించింది 1988లో. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయాయి. ఎమ్మెల్యేని ఎన్నుకోవచ్చు గానీ హాస్టల్ ప్రతినిధిని ఎన్నుకోకూడదన్నమాట! గొడవలు జరుగుతాయంటారు. జరిగాయి, కాదనను. 1972లో ఉస్మానియా క్యాంపస్‌లోనే విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య జరిగింది. పిల్లల్ని హాస్టల్‌కి పంపిన తల్లిదండ్రులకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఆ భయానికి మందు కూడా ఎప్పుడో రాసిచ్చారు. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలోని కమిటీ విద్యార్థి సంఘాల ఎన్నికలపై చేసిన సిఫారసులను అమలు చేయమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ఆదేశించింది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చు పోస్టర్లు ఉండవు, చేత్తో రాసినవే అతికించాలి. 75 శాతం హాజరు ఉండాలి, నేరచరిత్ర ఉండకూడదు. ప్రక్రియంతా పది రోజుల్లో ముగియాలి. పరిస్థితి బాగాలేని చోట తాత్కాలికంగా నామినేషన్ పద్ధతి పెట్టుకోవచ్చు గానీ, అయిదేళ్లలో అక్కడా ఎన్నికలకు మారాలి. ఆ లెక్కన గడువు 2011తోనే అయిపోయింది. ఇదే నగరంలో, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘానికి ఎన్నికలు జరుగుతున్నాయి. అక్కడి పిల్లలకు వీలయ్యేది తార్నాక వైపున్న ఉస్మానియా పిల్లలకు ఎందుకు వీలుకాదు?

పైనుంచి చూస్తే పాలన సంగతీ అంతంత మాత్రమే. పాలకమండలిలో ఎక్కువమందిని ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. 2024 మే నుంచి అక్టోబరు దాకా రాష్ట్రంలో పది యూనివర్సిటీలకు రెగ్యులర్ వైస్ చాన్సలర్లే లేరు, ఐఏఎస్ అధికారులు ఇన్‌చార్జులుగా నెట్టుకొచ్చారు. పైన అడగడానికి మనిషి లేక, కింద చెప్పడానికి ప్రతినిధి లేక పిల్లలు బకెట్లు పట్టుకుని రోడ్డెక్కితే, తప్పు వాళ్ల మీద ఎలా వేస్తారు?

ప్రభుత్వాన్ని నేను అడిగేది ఇది. వచ్చే విద్యా సంవత్సరం క్లాసులు మొదలైన ఎనిమిది వారాల్లోపు, లింగ్డో కమిటీ చెప్పినట్టే రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎన్నికలు జరిపించండి. గెలిచిన పిల్లల్ని హాస్టల్, మెస్, ఫీజుల కమిటీల్లో కూర్చోబెట్టండి. నిరసనకు క్యాంపస్‌లో ఒక చోటు, ఒక సమయం వాళ్లతోనే మాట్లాడి ఖాయం చేయండి. అడ్మిషన్ ఫారాల్లోంచి ఆ హామీపత్రం తీసేయండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
హబ్సిగూడ, హైదరాబాద్