స్లాబు రోజున సంతకం పెట్టినాయన ఎక్కడ?

సంపాదకులు గారికి,

మొన్న మా ఎదురింటివాళ్లకు స్లాబు పడింది. కంగారు పడకండి, పోశారనే అర్థం, మా లైన్లో స్లాబు పడింది అంటే అది సంతోషంగా చెప్పుకునే మాట. పొద్దున్నే కాంక్రీటు కలిపే మిల్లరు ముందు కొబ్బరికాయ కొట్టారు, ముప్ఫై మంది దాకా కూలీలు వరసగా నిలబడి తట్టలందుకున్నారు, ఇంటాయన అందరికీ ఇడ్లీలు తెప్పించాడు, మేస్త్రీకి కొత్త బట్టలు పెట్టాడు. అందరూ ఉన్నారు గానీ ప్లాను మీద సంతకం చేసి ముద్ర వేసిన ఇంజినీరు మాత్రం లేడు. ఆయనెవరో ఇంటాయనకే తెలియదు, పర్మిషన్ తెచ్చిపెట్టిన కుర్రాడే సంతకం సంగతి కూడా చూసుకున్నాడట.

నేను ఇరవై రెండేళ్లుగా సైట్ సూపర్‌వైజర్‌ని. పెద్ద టవర్లలో పనిచేశాను, నూట యాభై గజాల ఇళ్లూ చూశాను. మీ చదువుల పేజీలో అప్పుడప్పుడు కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ కోర్సుల గురించి రాస్తుంటారు, మంచిదే, కానీ అది చదివితే అదేదో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఏసీ గదిలో చేసే పని అనిపిస్తుంది. నిజానికి ఆ పని చాలా మామూలుది. ఏ పని తర్వాత ఏ పని, దానికి సరుకు ఎప్పటికి దిగాలి, ఎవరు చూసి సరే అనాలి, డబ్బు ఎప్పుడు ఇవ్వాలి, ఇంతే. టవర్ సైట్లలో స్లాబు పోయడానికి ముందు ఒక కాగితం తిరుగుతుంది. ఇనుము కట్టినాయన, సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద మోసే రేకులు, జాకీలు) ఆయన, కరెంటు పైపుల ఆయన, ప్లంబరు, ఒక్కొక్కరు వచ్చి చూసి సంతకం పెట్టాలి, నాలుగూ పడితే గానీ కలిపిన కాంక్రీటు తెచ్చే రెడీమిక్స్ లారీకి ఫోన్ చేయం. పోసేటప్పుడు అదే మాలుతో క్యూబులనే చిన్న దిమ్మెలు పోసి ఏడో రోజున కొన్ని, ఇరవై ఎనిమిదో రోజున కొన్ని నొక్కించి బలం చూస్తాం. చిన్న ఇంటి దగ్గర ఆ కాగితమంతా మేస్త్రీ బుర్రలోనే ఉంటుంది, ఆ బుర్రలో అప్పటికే ఇంకో నాలుగు సైట్లు ఉంటాయి.

సొంత ఇంటి సంగతే చెబుతాను. మా తమ్ముడు ఇల్లు కట్టుకున్నప్పుడు నేను వేరే ఊళ్లో సైట్ మీద ఉన్నాను. స్లాబు ముందు ప్లంబర్‌ని పిలవాలని ఎవరికీ గుర్తు రాలేదు. పోసిన ఇరవై రోజులకు ఆయన వచ్చాడు, బాత్రూమ్ పైపు దిగడానికి దారి లేదు, పిల్లర్ పక్కనే బీమ్ పగలగొట్టి అడ్డం వచ్చిన కమ్మీలు రెండు కోసేసి నాలుగంగుళాల పైపు దించేశాడు. నేను వెళ్లేసరికి సిమెంటు పూసి నున్నగా చేసి పెట్టారు. "ఏం కాదన్నా, లోపల మస్తు ఇనుముంది" అన్నాడు. ఆ ప్లంబరు చెడ్డవాడు కాదు, ఆయన్ని నెల ముందు పిలవాల్సిందని చెప్పే మనిషే అక్కడ లేడు.

ఇంకోటి సెంట్రింగ్. రేకులకీ జాకీలకీ అద్దె ఉంటుంది, పైగా వాటి కోసం ఇంకో ఇంటివాళ్లు కాసుక్కూర్చుంటారు, అందుకని పదో రోజుకే విప్పేద్దామని తొందర. మన దేశంలో కాంక్రీటు పనికి ఐఎస్ 456 అని ఒక ప్రమాణం ఉంది, 2000లో సవరించినది. గోడ నుంచి గోడకు నాలుగున్నర మీటర్ల లోపు, అంటే దాదాపు పదిహేను అడుగుల లోపు స్లాబు అయితే జాకీలు 7 రోజులు, దాటితే 14 రోజులు ఉంచాలంటుంది. బీములకు ఆరు మీటర్ల దాకా 14, ఆపైన 21. అదీ మామూలు ఓపీసీ సిమెంటుకి చెప్పిన లెక్క. ఇప్పుడు ఇళ్లకు ఎక్కువగా వచ్చేది బూడిద కలిసిన పీపీసీ, దానికి బలం కాస్త నిదానంగా వస్తుంది కాబట్టి ఇంకా ఆగాలి. నీళ్లు కూడా అంతే, ఓపీసీకి కనీసం 7 రోజులు తడపాలి, పీపీసీ లాంటివాటికి 10, మన ఎండల్లో అయితే 14 దాకా తడపమని ఆ పుస్తకమే చెబుతుంది. మనవాళ్లు మడులు కట్టి నీళ్లు పెడతారు, అయిదో రోజున బోరు మోటారు పాడవుతుంది, మళ్లీ ఎవరూ పట్టించుకోరు.

తొందర ఎందుకొస్తుందో చూడండి. చదరపు అడుగు లెక్కన లేబర్ కాంట్రాక్టు, స్లాబు పడితే ఇంత అని వాయిదాలు. బ్యాంకు లోను కూడా దశల వారీగానే విడుదలవుతుంది. డబ్బంతా స్లాబు దగ్గరే ఆగి ఉంటే అందరి కాళ్లూ అటే పరిగెడతాయి, ఇంటాయనవి కూడా. విచిత్రం ఏమిటంటే, లోను ఇచ్చే ముందు బ్యాంకు తరఫు మనిషి సైట్‌కి వచ్చి ఫోటోలు తీసుకుని పోతాడు. ఇల్లు ఎంతవరకు లేచిందో బ్యాంకుకి తెలుసు, పర్మిషన్ ఇచ్చినవాళ్లకు తెలియదు.

తెలంగాణలో ఇళ్ల పర్మిషన్ల కోసం 2020 చట్టం (టీఎస్-బీపాస్) వచ్చాక 600 గజాల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాకా ఇంటికి స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడే పర్మిషన్ వస్తోంది. దానికి నేను వ్యతిరేకం కాదు, ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులు నాకు తెలుసు. అటువైపు ఫ్లాట్లు కొనేవాళ్ల రక్షణకు తెచ్చిన రెరా చట్టం చూస్తే స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు 8కి మించకపోయినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే లెక్క కడితే దాదాపు 600 గజాలే! రెరా కిందకు వచ్చే ప్రాజెక్టులో కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, పని ఎంత అయిందో ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ముగ్గురూ సర్టిఫికెట్ ఇస్తేనే బిల్డరు తీసుకోవాలి. అదే మా బోడుప్పల్ లాంటి చోట మూడొందల గజాల్లో అయిదు ఫ్లాట్లు వేసి అమ్మితే ఆ గొడవేమీ లేదు. పర్మిషన్‌కి మించి ఒక అడుగు ముందుకు కడితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే 2020 చట్టంలో ఉంది. అంటే టేపు పట్టుకుని కొలవడానికి వస్తారు, లోపల ఇనుము ఎంత వేశారో మాత్రం ఎవరూ చూడరు.

2016 డిసెంబర్‌లో నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది పోయారు. అక్కడే ఉంటూ పనిచేసుకుంటున్న కూలీల కుటుంబాలు. అప్పుడు మీ పేపర్లన్నీ వారం రోజులు రాశాయి.

నేను అడిగేది పెద్దదేం కాదు. అప్పటికప్పుడు పర్మిషన్ ఇచ్చే ఇళ్లకు, ప్లాను మీద సంతకం పెట్టిన ఇంజినీరు కనీసం రెండుసార్లు సైట్‌కి రావాలి, పునాది ఇనుము కట్టాక కాంక్రీటు పోయకముందు ఒకసారి, ప్రతి స్లాబు ముందురోజు ఇంకోసారి. కమ్మీలు కాంక్రీటు అంచుకి రాకుండా కింద పెట్టే కవరు బిళ్లలు పెట్టారా, పైపులన్నీ వేశారా, జాకీల కింద నేల గట్టిగా ఉందా చూసి, అక్కడ నిలబడే ఫోటో తీసి పర్మిషన్ వచ్చిన ఆ వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. ఫోటో లేకపోతే తర్వాత ఇంట్లో చేరడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. దీనికి ఇంటాయన ఇంకాస్త ఫీజు ఇవ్వాల్సి వస్తుంది, ఇవ్వాలి కూడా, గేటుకీ ఎలివేషన్‌కీ పెట్టే ఖర్చు ముందు అదెంత? మేస్త్రీలను తిట్టి లాభం లేదు, మాదాపూర్‌లో నాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్) 1998 నుంచి తాపీ పనికీ సెంట్రింగ్‌కీ శిక్షణ ఇస్తూనే ఉంది, కానీ నెల రోజులు కూలి వదులుకుని అక్కడికి ఎవరు పోతారు?

మీ శనివారం ఇళ్ల పేజీలో ఆ 7, 10, 14 రోజుల లెక్క ఒక చిన్న పట్టీగా వేసినా చాలామంది కత్తిరించి దాచుకుంటారు.

ఇది రాస్తున్న ఇవాళ్టికి ఎదురింటి స్లాబుకి తొమ్మిదో రోజు. హాలు పదహారు అడుగులు, పీపీసీ సిమెంటు. సెంట్రింగ్ ఆయన ఆటో పొద్దుటి నుంచి గేటు ముందు ఆగి ఉంది, ఇంటాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మా ఇంటివైపే చూస్తున్నాడు. నేను వెళ్లి మాట్లాడాలి.

ఇట్లు,
ఒక సైట్ సూపర్‌వైజర్,
బోడుప్పల్