సెలవు ఎవరిదండీ, ఇంటోళ్ళదా మన పిల్లదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్నామధ్య ఆదివారం మీ పేపర్లో, బయటి దేశాల్లో హోస్ట్ ఫ్యామిలీల ఇళ్ళల్లో ఉంటున్న మన పిల్లల వీకెండ్ కబుర్లు వేశారు కదండీ, మంచులో జారడాలూ సరస్సు మీద పడవలూ కొండ మీద టెంట్లూ, ఫొటోలు మాత్రం తెగ బాగున్నాయి. నాది రాజోల్లో చిన్న జిరాక్స్ కమ్ నెట్ సెంటరండి. పాస్‌పోర్ట్ అప్లికేషన్లు, వీసా స్లాట్లు, టిక్కెట్ ప్రింట్లు అన్నీ చేస్తాం, మలికిపురం సైడు నుంచి, అటు చించినాడ బ్రిడ్జి దాటి పాలకొల్లు సైడు నుంచి కూడా వస్తారు. ఆ పేజీ కౌంటర్ మీద పెడితే వచ్చినోళ్ళందరూ తిరగేశారు, ఒకావిడైతే మా అమ్మాయిని కూడా ఇలాంటి ఇంట్లోనే పెట్టించండి అని నన్నే అడిగేసింది, అదేదో నా చేతుల్లో ఉన్నట్టు.

చదివాక నాకు ఒక్క విషయం వెలితిగా అనిపించిందండి. ఆ పిల్లలు ఎక్కడెక్కడ తిరిగారో మొత్తం రాశారు గానీ ఆ సెలవు వాళ్ళకి హక్కుగా వచ్చిందా, లేక ఇంటావిడ మంచిది కాబట్టి వచ్చిందా అన్నది రాయలేదు. స్కూల్ ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్ళిన పిల్లల సంగతి వేరు లెండి, వాళ్ళకి చదువుకోవడమే పని, అమెరికా హైస్కూల్ ఎక్స్‌ఛేంజ్‌లో అయితే పిల్లని పెట్టుకున్న ఇంటోళ్ళకి పైసా ఇవ్వరు, ఇష్టపడి పెట్టుకుంటారు. నేను చెప్పేది ఇంకొకళ్ళ ఇంట్లో ఉంటూ ఆ ఇంట్లోనే పని చేసే ఆడపిల్లల గురించి. మా ఇంట్లోనే ఇద్దరున్నారు, మా అక్క కూతురు జర్మనీలో, మా మేనత్త కువైట్లో పని చేసి వచ్చేసింది.

మా అక్క కూతురు వెళ్ళింది ఓపేర్ వీసా మీద. అంటే ఒక కుటుంబంతో ఉండి వాళ్ళ చిన్నపిల్లల్ని చూసుకుంటూ, చిన్నచిన్న ఇంటిపనులు చేస్తూ, జర్మన్ భాష నేర్చుకోవడం. ఆ తర్వాత అక్కడే నర్సింగ్ ఔస్‌బిల్డుంగ్‌లో, అంటే పని చేస్తూ నేర్చుకునే ట్రైనింగ్‌లో చేరాలని దాని ప్లాను. ఊళ్ళో ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు, డిగ్రీ చదివింది అక్కడికెళ్ళి పిల్లల ముక్కులు తుడవడానికా అని. కానీ ఆ కాగితాలన్నీ నా ప్రింటర్లోంచే వచ్చాయి కాబట్టి నేను ప్రతి లైనూ చదివాను. 27 ఏళ్ళు నిండకుండా అప్లై చెయ్యాలి, జర్మన్ A1, అంటే భాషలో మొట్టమొదటి మెట్టు, అదన్నా వచ్చి ఉండాలి. రోజుకి 6 గంటలు, వారానికి 30 గంటలు మించి పని చెప్పకూడదు, రాత్రి పిల్లలకి కాపలా కూర్చున్నా అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నెలకి 280 యూరోలు పాకెట్ మనీ, భాష క్లాసుకి 70 యూరోలు వేరే, హెల్త్ ఇన్సూరెన్స్ ఇంటోళ్ళే కట్టాలి. వారానికి ఒకటిన్నర రోజు సెలవు, నెలకి కనీసం ఒక ఆదివారం కచ్చితంగా ఇవ్వాలి, వారంలో 4 సాయంత్రాలు ఖాళీగా వదలాలి, సంవత్సరం ఉంటే 4 వారాలు జీతంతో సెలవు. పాకెట్ మనీ చూసి ఇంతేనా అన్నారు మా బావగారు, నేనేమో ఆ ఒకటిన్నర రోజు చూసి సరే అన్నాను.

ఆ ఒకటిన్నర రోజుతోనే పిల్ల ఎంత తిరిగిందనుకున్నారు. మ్యూనిక్ దగ్గర పల్లెటూరు వాళ్ళది. శనివారం మధ్యాహ్నం పిల్లలకి అన్నం పెట్టేస్తే ఇక సోమవారం పొద్దున దాకా ఫ్రీ. దేశమంతా లోకల్ రైళ్ళూ బస్సులూ ఎక్కడానికి ఒక నెల టిక్కెట్టు ఉంటుంది, 2023లో 49 యూరోలకి మొదలెట్టారు, 2026 జనవరి నుంచి 63 చేశారు. అంటే పాకెట్ మనీలో దాదాపు పావు వంతు దానికే పోతుంది, అయినా దాన్ని మాత్రం వదలదు. ఫాస్ట్ రైళ్ళకి అది పనికిరాదు, మన పాసింజర్ లాంటి వాటిల్లోనే ఆగుతూ ఆగుతూ వెళ్ళాలి, కానీ అదే టిక్కెట్టు మీద బోర్డర్ దాటి ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా వెళ్ళొచ్చు. ఆదివారం అక్కడ షాపులన్నీ మూసేస్తారంట, ఇంట్లో డ్రిల్లింగ్ మిషన్ వేసినా పక్కింటోళ్ళు ఊరుకోరంట. అందుకని ఊరు ఊరంతా బూట్లేసుకుని కొండెక్కుద్ది. మన వైపు చుట్టూ ఎంత దూరం చూసినా వరిచేలూ కొబ్బరిచెట్లే గానీ చిన్న గుట్ట కూడా ఉండదు కదండీ, మొదట్లో అరగంట నడిచి ఆయాసపడి కూర్చుండిపోయేది, ఇప్పుడేమో ఇంటాయన కంటే ముందు పైకెళ్ళి వీడియో కాల్ చేస్తుంది.

కోనిగ్‌సే అని కొండల మధ్య ఒక సరస్సు ఉందండి. నీళ్ళు పాడైపోతాయని 1909 నుంచే అక్కడ కరెంటు పడవలు నడుపుతున్నారంట, అస్సలు సౌండే ఉండదు. మధ్యలో ఒక చోట పడవ ఆపేసి, నడిపే మనిషి కొండ కేసి తిరిగి ట్రంపెట్ ఊదితే ఆ పాట కొండకి తగిలి వెనక్కొస్తుంది. అది మాకు వినిపించాలని పిల్ల ఫోన్ ఎత్తి పట్టుకుంటే మా అక్క ఏమందో తెలుసా, "లైఫ్ జాకెట్ ఏదే?" అంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల బోటు మునిగిపోయినప్పటి నుంచి మా వైపు ఎవరు పడవెక్కినా మొదటి ప్రశ్న అదే. పాట సగం మా అక్క కేకల్లోనే పోయింది.

ఇదంతా పిల్ల సొంత సెలవు, దీంట్లో గొడవేం లేదు. అసలు తిరకాసంతా ఇంటోళ్ళు సెలవులకి వెళ్ళినప్పుడు. మ్యూనిక్ ఉండే బవేరియా రాష్ట్రంలో వేసవి మొదట్లో స్కూళ్ళకి రెండు వారాలు సెలవులిస్తారు, అప్పుడు సగం మంది కార్లేసుకుని ఇటలీలో గార్డా సరస్సుకి పోతారంట. వీళ్ళూ బయల్దేరి నువ్వూ రా అన్నారు. పిల్ల ఎగిరి గంతేసింది, పిన్నీ ఇటలీ వెళ్తున్నానే అని అర్ధరాత్రి మెసేజ్. నేను ఒకటే అడిగాను, ఆ వారం నీ సెలవుల్లోంచి కోస్తారా అని. ఎందుకంటే పిల్లలు వెంటే ఉన్నారనుకోండి, నీళ్ళ దగ్గర వాళ్ళని ఎవరు చూస్తారు, మధ్యాహ్నం ఎవరు నిద్రపుచ్చుతారు, రాత్రి పెద్దోళ్ళిద్దరూ బయట డిన్నర్‌కి వెళ్తే రూమ్‌లో ఎవరుంటారు? పేరుకి ఇటలీయే, పని మాత్రం అదే పని. దీనికి కూడా అక్కడ రూలుంది. ఇంటోళ్ళతో టూర్ వెళ్ళినంత మాత్రాన అది ఓపేర్ సెలవు కింద రాదు, పనేమీ లేకుండా, మరీ ఉంటే నామమాత్రంగా ఉండి, తప్పనిసరిగా వాళ్ళ దగ్గర ఉండాల్సిన అవసరం లేకపోతేనే సెలవు కింద లెక్కేస్తారు.

పిల్ల మొహమాటపడుతూనే అడిగింది. ఆ ఇంటావిడ ఏం అనుకోలేదు సరికదా క్యాలెండర్ తెచ్చి టేబుల్ మీద పరిచి, పొద్దుట పూటలు నువ్వు పిల్లల్ని చూస్తున్నావు కాబట్టి ఇది డ్యూటీయే, సెలవు కొయ్యం, ఈ రెండు రోజులు మాత్రం పూర్తిగా నీవి అని పెన్నుతో గీసిచ్చింది. ఆ రెండు రోజుల్లో ఒకరోజు పెస్కియెరా అనే ఊళ్ళో రైలెక్కి వెనిస్ వెళ్ళొచ్చింది. గుమ్మం మెట్ల దాకా నీళ్ళు, ఇంటికి సామాను కూడా పడవలోనే వస్తుందని చెప్తుంటే మా అమ్మ, మా చిన్నప్పుడు లాకుల మీదుగా కాలువలో మనకీ అలాగే పడవలొచ్చేవి కదే, దీనికంత దూరం వెళ్ళాలా అంది.

అందరికీ ఆ ఇంటావిడ లాంటోళ్ళు దొరకరండి. మా షాపుకొచ్చే ఒకావిడ కూతురు ఇదే వీసా మీద వెళ్ళింది, ఇంటోళ్ళు చలికాలం స్కీయింగ్‌కి తీసుకెళ్ళారు, ఆ పిల్ల వారమంతా హోటల్ రూమ్‌లో వాళ్ళ బుడ్డోడితో కూర్చుంది, మంచు కిటికీలోంచి చూసింది, తిరిగొచ్చాక నీ సెలవులో ఒక వారం అయిపోయింది అన్నారంట. ఫొటోలు మాత్రం ఇన్‌స్టాలో మంచులోనే ఉన్నాయి, చూసినోళ్ళకి ఏం తెలుస్తుంది. రూలు తెలిశాక గట్టిగా మాట్లాడి చివరికి కుటుంబమే మారిపోయింది, ఓపేర్‌కి అలా మారే వీలుంది. కానీ ఆ రూలు ఆ పిల్లకి చెప్పిందెవరు? అక్కడే ఉన్న ఇంకో తెలుగమ్మాయి, ఇక్కడ ఫీజు తీసుకున్న ఏజెంటు కాదు.

ఇప్పుడు మా మేనత్త సంగతి. మా రాజోలు, మలికిపురం, నర్సాపురం చుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా కువైటో దుబాయో మస్కటో వెళ్ళిన ఆడమనిషి లేని వీధి ఉండదు. అత్త వెళ్ళింది 20 నంబర్ వీసా, అంటే ఇంటిపని వీసా. వాళ్ళింట్లో పిల్లలు బంగారం అంటుంది ఇప్పటికీ, పెద్దోడు పెళ్ళికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. మా అత్త డాబా ఆ డబ్బులతోనే లేచింది, అది కూడా కాదనకూడదు. అయితే వాళ్ళ వీకెండ్ ఎలా ఉండేదో వినండి. కువైట్లో వారం సెలవు శుక్ర, శనివారాలు. గురువారం సాయంత్రానికి రెండు కార్లకి సామాను ఎక్కించి ఖైరాన్ అని సముద్రం ఒడ్డు ఊరికి పోతారు, డబ్బున్నోళ్ళకి అక్కడ షాలే అని సెలవుల ఇళ్ళుంటాయి. ఇంటోళ్ళు ఆరుగురు, చుట్టాలు కలిస్తే పాతికమంది, అత్త ఒక్కత్తే. చేపలు కడగడం, మచ్‌బూస్ అని మన బిర్యానీ లాంటి అన్నం వండటం, ఇసక కాళ్ళతో ఇల్లంతా తిరిగే పిల్లల వెనక తుడవడం, అర్ధరాత్రి దాకా టీలు. చలికాలం వస్తే ఎడారిలో టెంట్లు, అక్కడ నీళ్ళు ఒక ట్యాంకులోంచి పట్టుకుని అదే పని. "మామూలు రోజులే నయం అమ్మాయ్, వాళ్ళ సెలవంటే నాకు ఒళ్ళు హూనం" అంటుంది. ఆ సముద్రంలో ఒక్కసారైనా కాళ్ళు తడుపుకున్నావా అత్తా అంటే నవ్వి, అంతర్వేది తీర్థానికి వెళ్ళినప్పుడు తడుపుకున్నాగా అంటుంది.

కువైట్ సిటీలో మాలియా అని ఒక ఏరియా ఉంటుంది, మనోళ్ళు శుక్రవారం అయితే అక్కడ చేరతారు, తెలుగు మాటలు, తెలుగు భోజనం, డబ్బులు పంపుకోవడం, కబుర్లు. శుక్రవారం సెలవున్న ఆడోళ్ళు ఉతికిన చీర కట్టుకుని అక్కడికొస్తే, అత్తకి మాత్రం ఎప్పుడో పండక్కి డ్రైవర్ దయదలిస్తే కారులోంచి చూడటమే. విచిత్రం ఏంటంటే కువైట్లో కూడా చట్టం ఉంది! 2015లో 68వ నంబర్ చట్టం చేశారు, ఇంటిపని వాళ్ళకి వారానికి ఒకరోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని చెప్పకూడదు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు. ఇది నేను ఇక్కడ రాజోల్లో కంప్యూటర్లో చూసి చదివి వినిపిస్తే అత్త చాలాసేపు ఏం మాట్లాడలేదు. అక్కడ అన్నేళ్ళున్న మనిషికి ఆ సంగతే తెలీదండి, సంతకం పెట్టిన కాగితంలో అరబ్బీ, ఇంగ్లీషే ఉన్నాయి మరి.

ఇక్కడ మనమేదో గొప్పోళ్ళమని కాదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగుళూరు నుంచి అందరూ దిగుతారు, కనుమ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి కార్లు కట్టుకుని వెళ్తాం, ఆ రోజు అంట్లు తోమే అమ్మాయికి మామూలు కంటే రెండింతలు గిన్నెలు, తీర్థం చూసేది ఎప్పుడు తను. అది వేరే ఉత్తరం అవుద్ది, వదిలేస్తున్నా.

నేనడిగేది ఏంటంటే, ఈసారి మీరు విదేశీ వీసాల గురించి పేజీ వేసినప్పుడు ఎంత జీతం, ఏ వయసు, ఏ సర్టిఫికెట్ అనేవాటి పక్కనే సెలవు సంగతి కూడా వెయ్యండి. వారంలో ఏ రోజు ఖాళీ, ఆ రోజు ఇంట్లోంచి బయటికెళ్ళనిస్తారా, ఇంటోళ్ళు టూర్ వెళ్తే అది ఎవరి ఖాతాలో పడుద్ది, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉంటుంది, ఇవి వెళ్ళే ముందే అడిగి కాగితం మీద రాయించుకోవాలని చెప్పండి. మీకు అరబ్బీ వచ్చినోళ్ళు దొరుకుతారు, ఆ కువైట్ చట్టంలో సెలవులకి సంబంధించినంత వరకు తెలుగులో వేస్తే నేను దాన్ని వంద కాపీలు తీసి షాపుకొచ్చిన ప్రతి ఆడమనిషికీ ఊరికే ఇస్తాను. జర్మనీ రూల్స్ కూడా అలాగే. ఫొటోలు వెయ్యొద్దనట్లేదు, కోనిగ్‌సే ఫొటో మా పిల్ల దగ్గర మంచిది ఉంది, కావాలంటే పంపిస్తాను.

ఉత్తరం బాగా పెద్దదైపోయింది, మీకు చోటు చాలకపోతే కొండలూ పడవలూ తీసెయ్యండి గానీ, గంటలూ సెలవులూ ఉన్న ఆ రెండు పేరాలూ మాత్రం కత్తిరించొద్దండి.

ఇట్లు,
జిరాక్స్ షాపు పాఠకురాలు,
రాజోలు, కోనసీమ జిల్లా