ఎండ కబురు ముందే వచ్చింది, నీళ్ల బండి మాత్రం రాలేదు

సంపాదకులకు నమస్కారములు.

ఎనిమిది పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో రెండు ప్రకటనలు పక్కపక్కనే వచ్చాయి. ఉదయగిరి వైపు కొండల్లో రేగిన మంటలు అదుపులోకి వచ్చాయని, ప్రజలు ఆందోళన చెందనవసరం లేదని ఒకటి. ఎండ తీవ్రత దృష్ట్యా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల వరకు ఎవరూ బయటకు రావద్దని రెండవది. ఈ రెండూ ఒకే విపత్తుకు సంబంధించినవని ప్రకటనలిచ్చిన వారిలో ఏ ఒక్కరికీ తట్టినట్టు లేదు. ఎండకు ఒక శాఖ, మంటకు ఒక శాఖ, కరెంటుకు ఒక శాఖ, నీళ్లకు మరొక శాఖ ఉన్నాయి కానీ, ఈ నాలుగూ ఒకే మధ్యాహ్నం ఒకే ఊరి మీద పడినప్పుడు అడిగే దిక్కు లేదన్నదే మా మెట్ట ప్రాంతపు వారి బాధ.

మంటలు అదుపులోకి వచ్చిన మాట నిజమే. కాలవలసిన బోదగడ్డి అంతా కాలి, అవతలి వాలున రాతి చరియ తగలడంతో మంట తనంతట తానే ఆరిపోయింది. ఇంతకీ దాన్ని అదుపు చేసిందెవరో ప్రకటనలో లేదు.

ఇళ్లకు నష్టం లేదని కూడా రాశారు. కొండ వాలున ఉన్న బత్తాయి, నిమ్మ తోటల కంచెలు, కరిగి ముద్దయిన డ్రిప్పు పైపులు, ఊరి చివర దొడ్లలోని గడ్డివాములు ఎవరి లెక్కలోకి వస్తాయో తెలియదు. ఆ రోజు మా ఊరి పడమటి దొడ్లలో వామి అంటుకున్నప్పుడు మా వాళ్లు ముందుగా చేసిన పని లైన్‌మన్‌కు ఫోన్ చేయడం. దొడ్ల మీదుగా తీగలు వెళుతున్నాయి కనుక సరఫరా ఆపక తప్పదు, ఆయన వెంటనే ఆపారు కూడా. సరఫరా ఆగగానే ఆ ఫీడరు, అంటే ఆ కరెంటు లైను, మీద ఉన్న బోర్లన్నీ నిలిచిపోయాయి. పైపులు పరిచి సిద్ధంగా ఉన్న కుర్రవాళ్ల చేతుల్లో నీళ్లు సన్నగిల్లి, చుక్కలై, ఆగిపోయాయి. నిమ్మచెట్లకు మందు కొట్టే ట్యాంకు ఉన్న ట్రాక్టరును ఎవరో తోటలోంచి తోలుకొచ్చారు. మిగిలిన వాళ్లు వేపమండలతో కొడుతూ, పక్క వాములను పీకి దూరంగా లాగుతూ, ఆ ఎండలో ఒళ్లు కాల్చుకున్నారు. అగ్నిమాపక వాహనం రాలేదని నేను అనను, వచ్చింది. అప్పటికి అక్కడ మిగిలింది బూడిద, రెండు మాడిన తాటిచెట్లు, మేతకు ఏం చేయాలో తెలియని రైతులు. సిబ్బందిని తప్పుపట్టడం అన్యాయం. కొండలకూ చెరువులకూ మధ్య విసిరేసినట్టున్న ఇన్ని ఊళ్లకు ఒక్క బండి ఏ మూలకని పరుగెత్తుతుంది?

దీనికి కోట్లు అక్కర్లేదు. పంచాయతీకి ఒక డీజిల్ ఇంజను, నాలుగు చుట్టల పైపు, ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగున ఆ పైపు తగిలించుకునే ఒక వాల్వు ఉంటే, కరెంటు ఆగినా ట్యాంకులో నీళ్లు మంట మీద పడతాయి. ఈ సంగతే అర్జీగా రాసి సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చి వచ్చాం. కొద్ది రోజులకే మీ సమస్య పరిష్కరించబడిందని ఫోన్‌కు సందేశం వచ్చింది. వాల్వు ఎక్కడ బిగించారో చూద్దామని ట్యాంకు చుట్టూ తిరిగాం. పాచి పట్టిన లీకు తప్ప మరేమీ కనిపించలేదు. ఇంత వేగంగా సమస్యలు పరిష్కారమయ్యే జిల్లా దేశంలో మరొకటి ఉండదని గర్వపడాలి కాబోలు.

మంటలు పుట్టడంలో మా వాళ్ల పాత్ర లేదని చెప్పడం ఆత్మవంచన. తొలకరికి కొత్త చిగురు వస్తుందని కొండ మీద గడ్డికి నిప్పు పెట్టే కాపరులు ఉన్నారు, ఆర్పకుండా బీడీ విసిరేసేవారు ఉన్నారు, చెరువు కింద కోతయంత్రం వదిలిన కొయ్యకాళ్లను మిట్టమధ్యాహ్నం తగలబెట్టి ఇంటికి పోయే ఆసాములు ఉన్నారు. కిందికి వేలాడే తీగలు గాలికి రాసుకుని రవ్వలు రాల్చడం కూడా మాకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం 1967 నుంచి ఉంది, రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమని అది చెబుతుంది. ఆ మాట మా ఊళ్లలో చెప్పినవారు ఎవరూ లేరు. ఎర్రచందనం దుంగల కోసం రాత్రింబవళ్లు కాపలా కాసే శాఖకు ఆ చందనం మొలకలను కాల్చే గడ్డిమంట కూడా దొంగేనని ఎందుకు తోచదో అర్థం కాదు.

అడవిలో ఫైర్ లైన్లు అనే ఏర్పాటు ఒకటి ఉంది. గడ్డి పూర్తిగా ఎండకముందే, అంటే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, హద్దుల వెంట బాటలాగా గడ్డి, ఆకు తీసి శుభ్రం చేస్తే, ఒక చరియలో పుట్టిన మంట రెండవ చరియకు పాకకుండా ఆగుతుంది. ఈ ఏడాది మా వైపు ఆ బాటల్లో నడుము లోతు గడ్డి ఉంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల సాయంతో మంటలను పసిగట్టి సిబ్బంది ఫోన్లకు సమాచారం పంపుతుందని, కోరితే మామూలు పౌరులకు కూడా పంపుతుందని చదివి సంతోషించాం. కానీ ఉపగ్రహం రోజంతా మన కొండ మీదే నిలబడి చూడదు. దాని కంటపడే లోపల పడమటి గాలి మంటను మైళ్ల దూరం తోలుతుంది. కంటపడిన తర్వాతనైనా కొండ ఎక్కడానికి మనుషులు కావాలి కదా. వేసవి నాలుగు నెలలు ఊరికి ఇద్దరిని ఫైర్ వాచర్లుగా, అంటే మంటలకు కాపలాదారులుగా, పెట్టి, చేసిన పనికి ఏ నెల కూలి ఆ నెల ఇస్తే, ఆ కొండల్లో ప్రతి దారీ తెలిసిన గొర్రెల కాపరులే ముందుకు వస్తారు.

మా మండలాల పిల్లలు చాలామంది ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉంటున్నారు. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46 డిగ్రీలు దాటిన రోజునే కార్చిచ్చు చెలరేగి 173 మంది చనిపోయారు. అంత సంపన్న దేశానికీ ఆ కష్టం తప్పలేదు కనుక, అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను అనడం లేదు. అయితే అక్కడ ఎండ, గాలి, గడ్డి ఎండుదనం కలిపి లెక్కగట్టి, ఆ రోజు నిప్పు ప్రమాదం ఏ స్థాయిలో ఉందో రోడ్డు పక్కన బోర్డు మీద చూపిస్తారు. ప్రమాదం ముదిరిన రోజున ఆరుబయట నిప్పు రాజేయడాన్నే నిషేధిస్తారు. పల్లెల్లో మంటలార్పే దళాల్లో ఎక్కువమంది ఆ ఊళ్ల స్వచ్ఛంద సేవకులే. మన విపత్తుల నిర్వహణ సంస్థ కూడా ఏ మండలంలో తీవ్ర వడగాలులు వీస్తాయో ముందు రోజే పేర్లతో సహా చెబుతోంది, ఆ విషయంలో మెచ్చుకోవలసిందే. ఆ జాబితాలో మా మండలం పేరు వచ్చిన రోజున కొయ్యకాళ్లు కాల్చరాదని ఊరి మైకులో ఒక్క మాట చెప్పించడానికి, ఫైరింజనును ముందుగానే కొండ వైపు తెచ్చి నిలపడానికి అడ్డం ఏమిటి?

ఇక బయటకు రావద్దన్న సలహా సంగతి. రేకుల ఇంట్లో మధ్యాహ్నం రెండు గంటలకు కూర్చుని చూసినవారెవరూ ఆ సలహా అంత తేలికగా ఇవ్వరు. పైకప్పుకు సున్నం కొట్టుకోమని, తలుపుకు తడి గోనె కట్టుకోమని చెప్పినా కొంత ఉపయోగం ఉండేది. ఉపాధి పనికి పొద్దున్నే వెళ్లి ఎండ ముదరకముందే రమ్మంటారు, కానీ రెండు పూటలా ఫొటో హాజరు పడాలంటారు. పని దగ్గర నీడకు టార్పాలిన్ పట్టా, ఓఆర్‌ఎస్ పొట్లాలు కాగితాల మీద ఉన్నాయి. చలివేంద్రాలకు రిబ్బన్లు కట్ చేస్తారు, ఫొటో మీ పత్రికలోనే వస్తుంది, వారం తిరిగేసరికి కుండలు బోర్లా పడి ఉంటాయి. పశువుల కోసం కట్టిన నీటి తొట్లలో ఎండుటాకులు నిండాయి. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని తాతల కాలం నుంచి తెలిసిన ఊళ్లకు ప్రతి ఏటా ఎండ హఠాత్తుగా వచ్చినట్టు హడావిడి చేయడం మాత్రం మానరు.

2015 మే నెలలో రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారని ప్రభుత్వమే చెప్పింది. పొరుగున ఉన్న ప్రకాశం జిల్లా అప్పుడు ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో ఒకటి. చనిపోయినవారి కుటుంబాలకు లక్ష రూపాయల సాయం ప్రకటించారు. అది అందాలంటే తహసీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి కలిసి వడదెబ్బ మరణమేనని తేల్చాలి. పొలం నుంచి వచ్చి పడిపోయిన ముసలివాడిని సాయంత్రంలోగా దహనం చేసే ఊళ్లలో శవపరీక్ష ఎవరు చేయిస్తారు? గుండె ఆగిందని రాసి ముగిస్తారు, మరుసటి ఏడు వడదెబ్బ మరణాలు తగ్గాయని ప్రకటన వస్తుంది. చలిగాలులకు, మంచుకు చోటిచ్చిన, విపత్తు సాయానికి ఆధారమైన కేంద్ర విపత్తుల జాబితాలో వడగాలులకు ఏళ్ల తరబడి చోటు దక్కలేదంటే, ఆ జాబితా రాసినవారు మే నెలలో మా మెట్ట వైపు వచ్చి ఉండరు.

ఈ ఏడు వేసవి ఇంకా మిగిలే ఉంది కనుక, వాల్వు, డీజిల్ ఇంజను సంగతి ఇప్పుడైనా చూడమని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఫైర్ లైన్ల పని వచ్చే జనవరిలో మొదలైతే, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు గడ్డి తీశారో, ఎంత బిల్లు అయిందో ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద రాయించాలి. కొలిచి చూడడానికి మా ఊరి కాపరులు సిద్ధంగా ఉన్నారు. వారికి కూలి కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా.