తాతయ్య ఫియట్ గురించి శేషుకు

చిరంజీవి శేషుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నాన్నగారూ నేనూ క్షేమం. ఫోనులో అయితే నువ్వు "అంతా బాగానే ఉందమ్మా" అని రెండు ముక్కల్లో పెట్టేస్తావు, కాగితం మీద రాస్తే చివరిదాకా చదువుతావేమోనన్న ఆశతో రాస్తున్నాను. కారు గురించే అడగాలని కాదు. దసరాకు వస్తావనుకున్నాం, రాలేదు. దీపావళికి మాట్లాడినప్పుడు బండి సంగతి ఎత్తగానే నీకు ఆఫీసు పని గుర్తుకొచ్చింది. మొన్న రాజ్యం పిన్ని వచ్చి, వంశీ బెంగళూరులో నువ్వు బండి బాగుచేయించడానికిచ్చిన షెడ్డుకు వెళ్ళాడట, తాతయ్య ఫియట్ ఓ మూల పట్టా కప్పుకొని పడి ఉందట, బానెట్ కింద ఇంజనే లేదట, దాన్లో మారుతి ఇంజను పెడుతున్నారని అక్కడి కుర్రాడెవరో అన్నాడట అని చెప్పి కాఫీ తాగి వెళ్ళింది. పిన్ని చెప్పిన మాటలో సగం తీసేసి వినాలని నాకు తెలుసు. ఏ సగం తీసేయాలో తెలియకే ఈ ఉత్తరం.

ఇంజను బండిలో లేకపోవడం వల్ల నాకు కంగారు లేదు. పని చేయాలంటే దించాల్సిందే, దించాక సిలిండర్లుండే బ్లాకు లేత్ షాపుకు వెళ్ళాల్సిందే. నాన్నగారు మాత్రం వినగానే లేచి వెళ్ళి బీరువాలోంచి తాతయ్య నోటుబుక్కు తీశారు. అది 1089 సీసీ ఇంజను, బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం, 68 మిల్లీమీటర్లు, ఒకసారి బోరింగ్ చేయించినట్టు తాతయ్య ఎర్ర సిరాతో రాసుకున్నారు. అరిగిన బోరును కాస్త పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తారని, ఆ హద్దు కూడా దాటితే లోపల స్లీవులనే కొత్త గొట్టాలు దింపి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారని నీకు నేను చెప్పనక్కరలేదు. అయినా చెబుతున్నాను. "బోరు పోయింది సార్, ఈ ఇంజను ఇక పనికిరాదు" అని ఎవరైనా అంటే, ఏ సిలిండరు ఎంత అరిగిందో, క్రాంకు జర్నళ్ళు, అంటే క్రాంకు షాఫ్టు బేరింగుల్లో తిరిగే చోట్లు, ఎంత అరిగాయో కొలతలు కాగితం మీద రాసిమ్మని అడుగు. కొలవనివాడు చెప్పే తీర్పు నాకు లెక్కలోకి రాదు. మన దేశంలో ఈ ఫియట్ తయారుచేసిన ప్రీమియర్ వాళ్ళు ఆ తరువాతి పద్మిని కారుకు కూడా ఈ 1089 సీసీ ఇంజనునే కొనసాగించారు. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా తిరిగాయి. కనుక సామాను దొరకదనే మాటను అంత తొందరగా నమ్మవద్దు. చెన్నై పుదుపేటలోనూ ఢిల్లీ కశ్మీరీ గేటులోనూ అడిగి చూశారా అని తిరిగి అడుగు.

మారుతి ఇంజను మాట నిజమైతే మాత్రం దాని వెనక ఉన్న చిక్కు షెడ్డువాళ్ళు నీకు చెప్పి ఉండరు. తాతయ్య ఆ కారు 1970లో కొన్నారు, అంటే యాభై ఏళ్ళు దాటింది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్ళు పైబడి, బాడీ, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరు అలాగే ఉంచుతారు. కొత్తగా నమోదు చేసేవాటికి వీఏ సిరీస్ ఇస్తారు. మొదటి నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది, ఆ తరువాత 5,000. రోజూ ఆఫీసుకు వేసుకుపోవడానికి అది కుదరదు, కానీ నువ్వు రోజూ తిప్పుతావనుకుని తాతయ్య ఆ బండి నీకివ్వలేదు. ఇంజను మార్చావంటే ఆ అర్హత పోతుంది. పైగా తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. "ఏసీ పెట్టుకోవచ్చు సార్, హైవే మీద వందలో పోతుంది" అనే మాటలు వినసొంపుగా ఉంటాయి. తాతయ్య అరవై దాటించేవారు కాదు, అమ్మమ్మ ఊరుకునేది కాదు.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదని అనుకునే కూర్చున్నాను. కానీ సూర్యం మావయ్య అంబాసిడర్ సంగతి నీకు సగమే తెలుసు. కామాక్షి పెళ్ళి పందిట్లో అందరూ నవ్వుకున్న సగం అది. రెండో సగం నేను దగ్గరుండి చూసింది.

మావయ్యది మార్క్ 2. పెళ్ళికొడుకును అందులోనే తీసుకురావాలని పట్టుబట్టి బెజవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో ఇచ్చాడు. "ముహూర్తానికి బండి మీ గుమ్మంలో ఉంటుంది" అని షెడ్డు యజమాని అనగానే మావయ్య పొంగిపోయి, అడగకముందే మొత్తం సొమ్ము కట్టేశాడు. రశీదు ఉంది, దానిమీద "అంబాసిడర్ పూర్తి పని" అన్న మూడే ముక్కలున్నాయి. కొన్నాళ్ళు ఫోనులు, ఆ తరువాత ఫోను ఎత్తకపోవడం, ఇంకా తరువాత షెడ్డుకు తాళం. ఆ తాళం తీయించి చూస్తే బాడీ ఒక్కటే ఉంది, నేలంతా తీసిన సామాను గోనెసంచుల్లో ఉంది, ఏ సంచి ఏ బండిదో రాసి లేదు.

అక్కడే నాకు అర్థమైన విషయం ఏమిటంటే, ఇలాంటి షెడ్డులో అన్ని పనులూ ఒకే కప్పు కింద జరగవు. టింకర్ పని, అంటే రేకు పని, పెయింటింగ్ మాత్రమే వాళ్ళవి. ఇంజను పైభాగమైన హెడ్డు, బ్లాకు లేత్ వాళ్ళ దగ్గరికి, బంపర్లూ హ్యాండిళ్ళూ నికెల్ కోటింగ్ వాళ్ళ దగ్గరికి, సీట్లు టాపు పనివాళ్ళ దగ్గరికి, డైనమో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతాయి. మావయ్య కట్టిన డబ్బుతో ఆ యజమాని అంతకుముందు వచ్చిన మరెవరిదో బండి పూర్తి చేసి అప్పజెప్పాడు, మావయ్య బండికి తరువాత వచ్చేవాడి డబ్బు రావాలి. ఆ వచ్చేవాడు రాలేదు, అంతే. ఆడిటాఫీసులో సర్వీసంతా ఇదే చూశాను, ఒక పద్దు సొమ్ము మరో పద్దుకు వాడటం. అందులో దురుద్దేశం ఉండక్కరలేదు, అలవాటు చాలు.

సరే, ఇద్దరం రశీదు పట్టుకుని ఎండలో వీధి వీధీ తిరిగాం. లేత్ షాపు పెద్దాయన హెడ్డు చూపించాడు. వాల్వులు కూర్చునే చోట్లు శుభ్రంగా సీట్ కటింగ్ చేసి, గ్రీజు పూసి, పాత దినపత్రికలో చుట్టి అలమరలో పెట్టాడు. పుస్తకం తెరిచి ఆ షెడ్డు యజమాని పాత బాకీల జాబితా చూపించి, "ఆయన బాకీ మిమ్మల్ని అడగనమ్మా, మీ హెడ్డు మజూరీ ఇచ్చి తీసుకెళ్ళండి" అన్నాడు. మావయ్య రెండోసారి కట్టాడు. నికెల్ వాళ్ళ దగ్గర కథ వేరు. మన గేటు స్తంభానికి కొట్టుకుని వెనక బంపరు ఎడమ చివర ఒక సొట్ట ఉండేది, దాన్నిబట్టి గుర్తుపడతానని మావయ్య ధైర్యంగా వెళ్ళాడు. అక్కడ గోడకు ఆనించి అంబాసిడర్ బంపర్లు వరసగా ఉన్నాయి. కోటింగుకు ముందు సొట్టలు తీయడం వాళ్ళ పనే కదా, అన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. మావయ్య ఒక్కొక్క దాని మీదా చెయ్యి పెట్టి నిమురుతూ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నడిచాడు. చివరికి వాళ్ళే ఒకటి తీసి చేతిలో పెట్టారు. అది తనదో కాదో ఇప్పటికీ ఆయనకు తెలియదు. పెళ్ళికొడుకు అద్దె కారులో వచ్చాడు.

అందుకే అడుగుతున్నాను: మన ఇంజను ఇప్పుడు ఏ లేత్ షాపులో ఉంది? ఆ షాపు పేరు నీకు తెలుసా? షెడ్డు నుంచి బయటికి పోయిన ప్రతి వస్తువూ ఎవరి దగ్గర ఉందో ఒక కాగితం మీద రాయించుకో. ఇంజను నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్టీఓ ఆఫీసులో తీసినట్టు పెన్సిల్ ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో. బోల్టులు, బీడింగ్ క్లిప్పులు, స్క్రూలు చిన్న కవర్లలో వేసి, ఏ తలుపువో ఏ అద్దానివో చీటీ అంటించమను. ఈ కవర్ల పని కుర్రాళ్ళకు విసుగు, కాబట్టి ఒక ఆదివారం నువ్వే వెళ్ళి కూర్చో. వెళ్ళేటప్పుడు టిఫిను తిని వెళ్ళు, అక్కడి టీలతో కడుపు నింపుకోకు.

డబ్బు సంగతి నువ్వు చెప్పలేదు, నేనూ ఎంత ఇచ్చావని అడగను. జరిగిన పనికి సరిపడా ఇస్తూ పోవాలి, ముందుకూ పోకూడదు, వెనకా పడకూడదు. వెనకపడితే ఏమవుతుందో కూడా తెలుసుకో. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, ఒక వస్తువు మీద తన నైపుణ్యంతో పనిచేసినవాడు కూలి ముట్టేదాకా దాన్ని అట్టిపెట్టుకోవచ్చు. కనుక మాటామాటా పెరిగి "నా బండి నాకిచ్చెయ్" అని అరిస్తే వాళ్ళు గేటు తీయరు, తీయకపోవడం వాళ్ళ హక్కు. అదే చట్టం 151వ సెక్షన్ వస్తువును తనదిలా జాగ్రత్తగా చూసుకునే బాధ్యత వాళ్ళ మీద పెట్టింది, అదీ గుర్తుంచుకో. టింకర్ పని ఒక దశ, ఇంజను ఒక దశ, పెయింటు ఒక దశ, చివర వైరింగూ లోపలి పనీ అని విడగొట్టి, ఒక్కో దశ కళ్ళతో చూశాకే తరువాతి సొమ్ము ఇవ్వు. బిల్లులో సామాను వేరుగా, మజూరీ వేరుగా రాయమను. తీసేసిన పాత సామాను నీకు అప్పజెప్పాలని ముందే చెప్పు. "ఇతరములు" అని ఒక్క వరుసలో పెద్ద అంకె కనబడితే అక్కడ ఆగు.

అన్నిటికంటే ముఖ్యం బాడీ. ఫియట్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు, రేకే దాని బలం. తలుపుల కింద గుమ్మంలా నిలువునా పోయే పట్టీలు, కాళ్ళ కింది ఫ్లోరు, అక్కడే తుప్పు. కుళ్ళిన పట్టీ కోసేముందు లోపల అడ్డ కడ్డీలు వెల్డు చేసి బాడీని నిలబెట్టాలి, లేకపోతే వంగిపోయి తరువాత ఎంత సర్దినా తలుపులు పట్టవు. రంగంతా గీకి వట్టి రేకు కనిపించిన రోజున నువ్వు అక్కడ ఉండి తీరాలి. ప్రైమరు పడ్డాక చూసి ప్రయోజనం లేదు, పుట్టీ కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. ఒక చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి తలుపు అంచుల మీదా చక్రాల పైవంపుల మీదా పెట్టి చూడు, పట్టుకోని చోట మందంగా పుట్టీ ఉన్నట్టే. నికెల్ వాళ్ళను కూడా అడుగు: ముందు రాగి, దానిమీద నికెల్, ఆపైన క్రోము, మూడూ పడాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది కాబట్టి, పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకునేవి వేయించు. ట్యాంకు లోపల తుప్పు కూడా చూపించు.

షెడ్డువాళ్ళనే తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు. రోజువారీ సర్వీసు పనులు వాళ్ళ అద్దె కడతాయి, మన బండి నెలల తరబడి జాగా తింటుంది. నెలలు పలకకుండా ఉండి, హఠాత్తుగా వచ్చి "రంగు మార్చండి" అనే యజమాని బండి పట్టా కప్పుకొని మూలకు పోతుంది. వంశీ చూసిన పట్టా అలాంటిదేనేమోనని నా అనుమానం. వాళ్ళకు ఫోను చేసి ఎన్నాళ్ళయింది? మాకు చేసి ఎన్నాళ్ళయిందో నాకు తెలుసు, అది అడగడం లేదు.

ఇంకొకటి. ఆర్‌సీ ఇంకా తాతయ్య పేరునే ఉంది. వారసత్వ బదిలీకి ఫారం 31 వేయాలి. మావయ్యా పిన్నీ సంతకాలు పెడతామన్నారు, పిన్ని నిన్ను చూశాకే పెడతానంటోంది. బండి కర్ణాటకలో ఏడాది దాటి ఉంటే అక్కడ నమోదు తప్పదు, అందుకు ఇక్కడి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. అది నాన్నగారు చూస్తారు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్నదే అయితేనే.

నోటుబుక్కులో ఇంజను పేజీలు జెరాక్సు తీయించి, గోంగూర పచ్చడీ కారప్పొడీ కలిపి రాత్రి బస్సుకు పార్సిల్ వేస్తున్నాను. పచ్చడి సీసా నిలువుగా పెట్టించాను, నువ్వు అడ్డంగా పట్టుకురాకు. పార్సిల్ అందగానే షెడ్డుకు వెళ్ళి, బ్లాకు మీద నంబరు కనిపించేలా ఒక ఫోటో తీసి నాన్నగారికి పంపు. నాకు పంపినా ఫరవాలేదు.

ఆశీస్సులతో,
అమ్మ