ముందు బురద, తర్వాతే బ్లీచింగ్: మా కాలనీ తరఫున కృతజ్ఞతలు

వరద నీళ్లు తీసిన తెల్లారి నుంచి మా గల్లీల్లో పనిచేసిన సఫాయి అన్నలకు, అక్కలకు, మున్సిపాలిటీ పారిశుధ్య జవాన్లకు, నల్లా లైన్‌మన్లకు, ఆశా అక్కలకు, ఏఎన్ఎంలకు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) రిసోర్స్ పర్సన్లు, అంటే ఆర్పీలకు కాలనీ సంక్షేమ కమిటీ తరఫున దండాలు. శాలువాలు కప్పి ఫొటోలు దిగే ఓపిక మీకూ లేదు, మాకూ లేదు. అందుకని మీరు ఏం చేశారో, ఎందుకు అట్లా చేశారో రాసి పెడుతున్నాం. మన వరంగల్‌లో బొందివాగు పొంగినా, నయీంనగర్ నాలా పొంగినా రేపు ఇంకో కాలనీకి అక్కరకొస్తుంది.

వరంగల్‌కు వరద కొత్త కాదు. 2020 ఆగస్టులో మునిగింది. 2023 జూలైలో మునిగినప్పుడు భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. చెరువు కింద చెరువు గొలుసుగా ఉన్న ఊరు ఇది. మత్తడి దూకిన నీళ్లు పోయే దారిలో ఇండ్లు లేస్తే ఆ నీళ్లు ఇండ్లలో నుంచే పోతాయి. అవి రెండు రోజుల్లో తీస్తాయి, వాంతులు, విరేచనాలు, జ్వరాలు ఆ తర్వాత మొదలవుతాయి. మీ పనంతా ఆ తర్వాతి రోజుల కోసమే.

నీళ్లు తీయగానే అందరూ అడిగింది బ్లీచింగ్ చల్లమని. మీరు వెంటనే చల్లలేదు. మొదట పారలు, గంపలు, ట్రాక్టర్లే కనిపించాయి. కొంత గొణుగుడు కూడా వినిపించింది. కానీ లెక్క మీదే సరైనది. బ్లీచింగ్‌లో పనిచేసేది క్లోరిన్. బురదలోని పేడ, కుళ్లిన ఆకు, మోరీ మురికి దాన్ని ముందే తినేస్తాయి, క్రిములను చంపేందుకు ఏమీ మిగలదు. రోడ్డు పక్కన తెల్ల గీత గీస్తే చూడ్డానికి పండుగలా ఉంటుంది, అంతే.

మోరీల్లో తీసిన సిల్టును గట్టున పోసి, నీళ్లు కారనిచ్చి, మర్నాడే ఎత్తుకుపోయారు. గట్టునే వదిలేస్తే ఒక్క వాన చాలు, మొత్తం మళ్లీ మోరీలోకే. కల్వర్టు స్లాబుల కింద పారకు అందని ఇసుకను జెట్టింగ్ మిషన్‌తో కొట్టారు, మ్యాన్‌హోళ్లలోకి మనిషిని దింపలేదు. మనుషులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగులోకి దింపడాన్ని నిషేధించిన 2013 చట్టం చెప్పేది అదే అయినా, పాటించినందుకు చెప్పుకోవాలి.

సెప్టిక్ ట్యాంకులు అప్పుడే ఖాళీ చేయించొద్దని ఇంటింటికీ చెప్పిన ఇంజినీరు సారుకు వేరే దండం. చుట్టూ నేల నీళ్లతో నిండి ఉండగా ట్యాంకు ఖాళీ చేస్తే బయటి ఒత్తిడికి గోడలు పగులుతాయి. తేలికపాటి ట్యాంకైతే పైకే లేస్తుంది. నేల గుంజుకునేదాకా ఆగాల్సిందే.

ఇక సంపులు. అసలు కష్టం ఇక్కడే. తోడి, బురద ఎత్తి, గోడలు రుద్ది కడిగించాక మళ్లీ నింపి, ప్రతి 1000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ కలిపి రాత్రంతా ఉంచి, పొద్దున పారబోయించారు. మంచి పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. అంటే 50 గ్రాములు, లీటరుకు 50 మిల్లీగ్రాములు. అది సంపును కడిగే మోతాదు, తాగడానికి కాదు. తాగే నీళ్లయితే 1000 లీటర్లకు 2.5 గ్రాములు చాలు. చాలామంది పొరపడేది ఈ రెండింటి దగ్గరే. గుప్పెడు పౌడర్ పోస్తే నీళ్లు ముక్కుకు కొడతాయి, ఇంట్లో ఎవరూ ముట్టరు, పక్కనున్న బోరు నీళ్లు పరీక్ష లేకుండానే తాగేస్తారు.

పౌడర్‌ను నేరుగా సంపులో వేయొద్దని ఆర్పీలు బకెట్టుతో చేసి చూపించారు. ముందు కొద్ది నీళ్లతో జారుగా పేస్టు చేయాలి. తర్వాత బకెట్టు ముప్పావు వంతు నింపి కలిపి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీళ్లే సంపులో పోయాలి. అడుగున మిగిలేది సున్నం, అది పోస్తే నీళ్ల కాఠిన్యం పెరుగుతుంది. తాగే మోతాదైతే గంట ఆగి వాడుకోవాలి. ఫినాయిల్, యాసిడ్ పక్కన కూడా పెట్టొద్దు. యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది.

చేదబావులున్న నాలుగైదు ఇండ్లకు లైన్‌మన్ చెప్పిన లెక్క: బావి వ్యాసాన్ని మీటర్లలో కొలిచి, దాన్ని దానితోనే గుణించి, నీటి లోతుతో, ఆపై 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వ్యాసం, నాలుగు మీటర్ల నీళ్లుంటే 12,560 లీటర్లు. దానికి 31 గ్రాముల పౌడర్. బస్తా విప్పి నెలలు దాటిన పౌడర్‌కు ఈ లెక్కలేవీ పనికిరావు. గాలికి, ఎండకు, తేమకు దాని బలం పోతుంది.

నల్లా నీళ్లను మొదటి ఇంట్లో కాకుండా లైను చివరి ఇంట్లో పరీక్షించడం మాకు బాగా నచ్చింది. గొట్టం పొడవునా క్లోరిన్ తగ్గుతూ పోతుంది. చివర్లో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉంటేనే లైను బాగున్నట్టు. వరద తర్వాత 0.5 ఉండేలా చూశారు. పరీక్షలో రంగు రాని, అంటే క్లోరిన్ కనిపించని రెండు చోట్ల తవ్వితే మోరీలో మునిగిన జాయింట్లే బయటపడ్డాయి. నీళ్లు వదలని గంటల్లో గొట్టం ఖాళీ అవుతుంది, అప్పుడు మురుగు లోపలికి పోతుంది. నల్లాకు మోటారు బిగించి గుంజేవాళ్లు ఆ మురుగును ఇంకా లోపలికి లాగుతున్నారు. ఈ మాట మా కాలనీ వాళ్లకే.

దోమల సంగతి. ఫాగింగ్ బండి వచ్చినప్పుడు తలుపులు మూయొద్దు, తిండి, నీళ్లు మూత పెట్టి కిటికీలు తెరవాలని జవాన్లు అరిచి చెప్పారు. అయినా సగం ఇండ్లు మూసుకున్నాయి. పొగ ఎగిరే దోమనే చంపుతుంది, లార్వాను ముట్టదు. అందుకే శుక్రవారం డ్రై డే. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కాబట్టి వారానికోసారి గోలెం, కూలర్, డ్రమ్ము ఖాళీ చేస్తే చాలు. గోడలు మాత్రం పీచుతో రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు గోడకు అతుక్కుని నెలల తరబడి ఎండినా బతుకుతాయి. ఖాళీ చేయలేని కట్టుబడి ఇండ్ల సంపుల్లో లార్వాను చంపే టెమిఫాస్ మందును 10 లీటర్ల నీళ్లకు 2.5 మిల్లీలీటర్ల చొప్పున కలిపి పిచికారీ కొట్టారు.

ఆశా అక్కలు ఇంటింటా జ్వరాలు అడిగి రాసుకున్నారు. మొదటి ఐదు రోజుల్లో వస్తే డెంగీని పట్టే ఎన్ఎస్1 రక్త పరీక్ష పనికొస్తుందని, పారాసిటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వేయొద్దని చెప్పారు. జ్వరం తగ్గిన రోజే కడుపునొప్పి, వాంతులు, రక్తం కనిపిస్తే ఎంజీఎం ఆస్పత్రికి పరుగెత్తాలని అదే పనిగా చెప్పారు. ఒంటరి ముసలోళ్ల షుగర్, బీపీ మాత్రలు తడిసిపోతే బస్తీ దవాఖాన నుంచి తెచ్చిచ్చారు. నిద్ర పట్టనివాళ్లకు మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీ మానస్ నంబర్ 14416 రాసిచ్చారు.

లైన్‌మన్ వదిలి వెళ్లిన క్లోరిన్ పరీక్ష కిట్టు కమ్యూనిటీ హాల్లో ఉంది. నీళ్లు వదిలిన రోజు నల్లా కింద పట్టిన గ్లాసుతోనే రండి, బిందెలో నిల్వ ఉన్నవి తేవద్దు. చుక్కలు వేయగానే పసుపు రంగు రాకపోతే ఇంటి నంబర్ అక్కడి పుస్తకంలో రాయండి. లైన్‌మన్ పొద్దున వచ్చి మొదట చూసేది ఆ పుస్తకమే.