బిల్లు అదే, మాటే మారింది

సంపాదకుల వారికి నమస్కారం.

పల్నాడు జిల్లాలో ఓ పల్లెటూళ్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాను. కొట్టు ముందు సిమెంటు బల్ల ఒకటి ఉంది. ఊరి రాజకీయమంతా దాని మీదే. అక్కడ విన్నది మీకు రాయాలని చాలా రోజుల్నుంచి అనుకుంటున్నా.

2022 ఆగస్టు తర్వాత కరెంటు బిల్లుల్లో ట్రూఅప్ చార్జీలు, అంటే పాత ఏళ్ల ఖర్చుల తేడాను ఇప్పుడు వసూలు చేసే చార్జీలు, కలిశాయి. తెలుగుదేశం అంటే ప్రాణం పెట్టే మా వరస బాబాయి బిల్లు కాగితం బల్ల మీద పరిచి, ఒక్కో అంకె కింద వేలు పెట్టి చదివారు. "ఎప్పుడో వాడిన కరెంటుకు ఇప్పుడు డబ్బులేందమ్మాయ్?" అన్నారు. పక్కనున్న వైసీపీ కుర్రాడు "అది చంద్రబాబు టైంలో బాకీ పెదనాన్నా" అన్నాడు. అబద్ధం కాదు, ఆ చార్జీలు 2014-19 కాలానివే. 2024లో ప్రభుత్వం మారింది. ఏడాది చివర్లో మళ్లీ సర్దుబాటు చార్జీల సంగతి బయటికొచ్చింది. ఈసారి బిల్లు తెచ్చి బల్ల మీద పెట్టింది ఆ కుర్రాడు. "అది జగన్ టైంలో బాకీరా" అన్నది బాబాయి. అదీ అబద్ధం కాదు, 2022-23, 2023-24 లెక్కలే అవి.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఇద్దరూ తమ వంతు వచ్చినప్పుడు ప్రశ్న మానేశారు. ఏ ఏటి లెక్క ఆ ఏడే ఎందుకు తేల్చరు, నిన్నగాక మొన్న అద్దెకు దిగినవాళ్లు ఆ ఇంటి పాత బాకీ ఎందుకు కట్టాలి అని ఇద్దరూ కలిసి ఒక్కసారి అడిగి ఉంటే ఎంత బాగుండేదో!

ఓటింగ్ యంత్రాల మీద నమ్మకమూ ఇంతే. 2019లో వీవీప్యాట్ స్లిప్పులు, అంటే ఓటు ఎవరికి పడిందో చూపే కాగితాలు, సగమైనా లెక్కించాలని చంద్రబాబుగారు ఢిల్లీ దాకా వెళ్లి పోరాడారు. 2024లో ఓడిపోయాక పేపర్ బ్యాలెట్ కావాలని జగన్‌గారు అన్నారు. మా ఊళ్లో రెండు వర్గాలూ అనుమానాన్ని, నమ్మకాన్ని ఒకరికొకరు మార్చుకున్నారు. యంత్రం మీద అనుమానం ఉంటే గెలిచినా ఉండాలి కదండీ.

అభిమానాన్ని నేను తప్పు పట్టను. మా అమ్మ రెండు రూపాయల బియ్యంతో మమ్మల్ని పెంచింది, ఎన్టీఆర్ పేరు చెబితే ఇప్పటికీ చేతులు జోడిస్తుంది. మా అత్తగారికి ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ అయింది, ఆవిడ గదిలో దేవుడి పటాల పక్కనే రాజశేఖరరెడ్డిగారి ఫొటో ఉంటుంది. ఇద్దరి కృతజ్ఞతా నాకు తెలుసు, రెండూ నిజమైనవే. కానీ ఆ కృతజ్ఞత ఒక మనిషికి చెందినది. దాన్ని ఆ పార్టీలో తర్వాత వచ్చిన ప్రతివాళ్లకూ, వాళ్లు చేసే ప్రతి పనికీ రాసిచ్చేస్తున్నాం. అదే నా బాధ. అంత అభిమానించిన ఎన్టీఆర్‌నే 1989లో కల్వకుర్తి ఓటర్లు ఓడించారు. ఆ ఎన్నికల్లోనే హిందూపురం గెలిపించింది. మనిషిని ప్రేమిస్తూనే పాలనకు మార్కులు వేయడం మనకు తెలియని విద్య కాదు.

2019లో 23 సీట్లకు పడిపోయినప్పుడు తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు సుమారు 39 శాతం. 2024లో 11 సీట్లే మిగిలినా వైసీపీకీ దాదాపు అంతే వచ్చాయి. ఇంతమంది ఏం జరిగినా తమతోనే ఉంటారని పార్టీలకు ధీమా ఉన్నప్పుడు ఆ ఓటర్ల మాట ఎవరు వింటారు? అటూ ఇటూ ఊగే కొద్దిమంది కోసమే హామీలన్నీ. నమ్ముకున్నవాళ్లకు మిగిలేది జెండా మోత.

నాయకులకు ఆ పట్టింపు లేదు. 2014లో గెలిచిన వైసీపీ ఎమ్మెల్యేల్లో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, నలుగురు మంత్రులు కూడా అయ్యారు. మేమేమో 2024 మే 13 పోలింగ్ తర్వాత మా జిల్లాలో జరిగిన గొడవలకు రోజుల తరబడి తలుపులు వేసుకుని కూర్చున్నాం. 144 సెక్షన్, వీధిలో పోలీసులు, పాలు పోయించుకోవడానికి కూడా టెన్షన్. ఎదురెదురు ఇళ్లవాళ్లు ఇప్పటికీ ఒకరి శుభకార్యానికి ఒకరు వెళ్లడం లేదు. అందులో ఒక ఇంటి అమ్మాయి నాతో కలిసి చదువుకుంది. పెళ్లికి పిలవలేకపోయానని కొట్టు దగ్గర నిలబడి ఏడ్చింది.

మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. చార్జీల మీదో, ఓటింగ్ యంత్రాల మీదో, ఫిరాయింపుల మీదో ఏ నాయకుడి మాట వేసినా, అదే సంగతి మీద ఆయన ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఏమన్నారో, అధికారంలో ఉన్నప్పుడు ఏమన్నారో పక్కనే చిన్న బాక్సులో తేదీతో సహా వేయండి. అన్ని పార్టీలకూ వేయండి. ఆ కాగితం కత్తిరించి మా కొట్టు గోడకు, సరిగ్గా ఆ బల్లకు ఎదురుగా అతికిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పల్నాడు జిల్లా